బావి తోడిన రోజు

బోధన్ నుంచి రెంజల్ పోయే దారిలో ఎడమకు దిగితే చెరుకు మడుల మధ్య మా వాళ్ల సమాధుల స్థలం ఉంది. గేటు దగ్గర నేల ఎత్తుగా ఉంటుంది. అక్కడంతా ఎర్ర మొరం, గడ్డపార దిగడం కష్టం. లోపలికి నడిచేకొద్దీ నేల మెల్లగా వాలుతుంది, రంగు మారుతుంది. చివర, ఉపకాలువ గట్టుకు దగ్గరగా, పూర్తిగా నల్లరేగడి. ఆ చివరి మూలలో మా అవ్వ ఉంది. అవ్వ అంటే మా అమ్మ. తల్లిని మేం అట్లాగే పిలిచేవాళ్లం.

అవ్వ పోయినప్పుడు నేను చాలా చిన్నవాణ్ణి. నడి ఎండాకాలం. కాలువ ఎండిపోయి ఉంది. రేగడి నెర్రెలు బారి ఉంది. ఎవరో నా చేయి పట్టుకొని మూడు పిడికిళ్ల మట్టి వేయించారు. మా అక్క అప్పుడు నర్సు ట్రైనింగ్‌లో ఉంది. వార్త చేరి, బస్సు దొరికి, ఆమె ఊళ్లో దిగేసరికి గుంత పూడ్చి అందరూ ఇళ్లకు వచ్చేశారు. మట్టి వేసే వేళ ఒక్కటే ఉంటుంది. అది దాటితే ఆ సమాధి మీద ఎవరూ చేయి పెట్టరు. పక్కన కొత్త గుంత తవ్వినప్పుడు మాత్రం, మిగిలిన మట్టిని కుంగిన పాత సమాధి మీద వేసి సరిచేస్తారు. అది మా దగ్గర ఆనవాయితీ.

నన్ను పెంచింది అక్కే. ఆ తర్వాత ఆమెకు పెళ్లయింది, కొడుకు పుట్టాడు, బావ పోయాడు, ఉద్యోగం ముగిసింది. ఇన్నేళ్లలో అవ్వ సమాధి మాట ఆమె నాతో ఎత్తలేదు. చివరికి ఆసుపత్రి మంచం మీద ఎత్తింది. నేనూ, నా మేనల్లుడూ ఇద్దరం అక్కడే ఉన్నాం.

“అవ్వకు మట్టెయ్యలే నేను” అన్నది. “పక్కనన్న పండుత. మీద గేటుకాడ పెట్టకుండ్రి నన్ను.”

“గిప్పుడెందుకమ్మా ఆ ముచ్చట్లు?” అన్నాడు మేనల్లుడు.

“ఇప్పుడు గాకుంటె ఎప్పుడు చెప్పాల్రా? సచ్చినంక చెప్తనా?”

వాడు నవ్వబోయి ఆపుకున్నాడు. నేను సరేనన్నాను.

నేను నిజామాబాద్‌లో డిప్లొమా విద్యార్థులకు మట్టి గురించి పాఠం చెప్తాను. మట్టి ఎంత బరువు మోస్తుంది, ఎప్పుడు మోయలేదు, ఏ గోడ ఎందుకు జారింది, ఇదే నా పని. మొత్తం పాఠంలో ఒక్క సంగతి అర్థమైతే చాలని ప్రతి ఏడూ మొదట్లోనే చెప్తాను. నేల మీద పడే భారాన్ని రెండు పంచుకుంటాయి. ఒకటి మట్టి రేణువులు, రెండోది వాటి మధ్య సందుల్లో ఉన్న నీళ్లు. రేణువులు ఒకదానికొకటి ఎంత గట్టిగా ఒత్తుకొని ఉంటే నేల అంత గట్టిగా ఉంటుంది. సందుల్లోని నీటికి ఒత్తిడి పెరిగితే భారంలో దాని వాటా పెరుగుతుంది, రేణువుల వాటా అంత తగ్గుతుంది. పై నుంచి చూస్తే ఏమీ మారదు. అదే మట్టి, అదే బరువు. కాని లోపల పట్టు పోతుంది.

దీన్ని చూపించడానికి ఒక డబ్బా వాడతాను. డబ్బా నిండా ఇసుక పోసి, పైన ఒక ఇటుకను నిలబెట్టి, అడుగున ఉన్న గొట్టంలోంచి నీళ్లు ఎక్కిస్తాను. కొంతసేపు ఏమీ కాదు. తర్వాత ఇటుక ఒక్కసారిగా ఇసుకలోకి దిగిపోతుంది. ఒకసారి అక్క ఏదో పని మీద నిజామాబాద్ వచ్చి, నాకు అన్నం డబ్బా పట్టుకొని నేరుగా ప్రయోగశాలకు వచ్చింది. తలుపు దగ్గర నిలబడి ఇటుక మునగడం చూసింది.

“ఇసుక యాడికి పోలే. ఇటుక యాడికి పోలే. మరి ఎట్ల మునిగెరా?” అని విద్యార్థులందరి ముందే అడిగింది.

“ఇసుక పలుకులు ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నయక్కా. కింది నుంచి నీళ్లొచ్చి ఆ పట్టు వదిలించినయి.”

“గీ ముచ్చట చెప్పినందుకు నీకు జీతమిస్తున్నరా?”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె మాత్రం డబ్బా వైపే చూస్తూ ఉంది. “నీళ్లు బంద్ జేస్తె ఇటుక మళ్ల పైకొస్తదా?” అని అడిగింది.

“రాదు. ఉన్నకాడ గట్టిగ ఉంటది.”

“అయితె మంచిదే. ఇగ తిను, సల్లగైతది” అని అన్నం డబ్బా బల్ల మీద పెట్టింది.

అక్క చనిపోయింది యాసంగికి, అంటే చలికాలపు పంటకు, కాలువ వదిలిన తర్వాత. ఎండాకాలంలో పోయి ఉంటే ఇందులో రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఎందుకో చెప్తాను. ఆ మూలలో పైన నల్లరేగడి, దాని కింద గరుసు మొరం. రేగడిలోంచి నీళ్లు త్వరగా పోవు. గరుసులోంచి సులువుగా పోతాయి. కాలువ పారినప్పుడు నీళ్లు గరుసులోకి దిగి, పైకి రాలేక రేగడి కిందనే ఒత్తిడితో నిలుస్తాయి. రేగడి ఒక మూతలాంటిది. మూత బరువు ఉన్నంతవరకు నీళ్లు కిందే ఉంటాయి. గుంత తవ్వడమంటే ఆ మూతను పలచన చేయడం.

మా వాళ్లలో గుంత కూలికి తవ్వించరు. పోయినవాళ్ల ఇంటి మగవాళ్లే పార పట్టాలి. మర్నాడు పొద్దున్నే నేనూ, మేనల్లుడూ, మా పెద్దబాపు కొడుకూ, ఇంకో నలుగురూ పోయాం. పెద్దబాపు అంటే పెద్దనాన్న. ఆయన కొడుకు, మా అన్న, నాకంటే చాలా పెద్ద. ఆ ఊళ్లో ఏ గుంతయినా ఆయన చెప్పిన కొలతకే తవ్వుతారు. లోతు మనిషి ఛాతి దాకా ఉండాలి. అది ఆయన కొలత, ఆయన తండ్రి కొలత.

మోకాటి లోతు దాకా మట్టి పొడిగా వచ్చింది. నడుము లోతు దాటాక పారకు అంటుకోవడం మొదలైంది. ఇంకా కాస్త తవ్వేసరికి అడుగున తడి మెరిసింది, తర్వాత నీళ్లు కనిపించాయి. పిక్కల దాకా నిలిచాయి.

పక్క చెరుకు రైతు కంచె అవతల నుంచి చూస్తున్నాడు. సరిహద్దు అవతలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, ఇంట్లో మరాఠీ మాట్లాడతాడు. అక్క ఆయన పిల్లలకు సూదులు వేసింది. అడగకుండానే ఇంజను తెచ్చి గుంతలో పైపు వేశాడు. కాసేపట్లో గుంత ఖాళీ అయింది. అడుగు నల్లగా, శుభ్రంగా కనిపించింది.

“ఇగ పని అల్కగైంది. చాయ్ తాగి ఒక జానెడు తీస్తె సరి” అన్నాడు మా అన్న.

అందరం గట్టు మీద కూర్చున్నాం. నేనూ కూర్చున్నాను. ఏటా పాఠం చెప్పేవాణ్ణి, అయినా ఆ పొద్దు నాకు ఏమీ తట్టలేదు. అక్క ముఖం తప్ప నాకేమీ కనిపించడం లేదు.

చాయ్ తాగి వచ్చేసరికి గుంత అడుగు ఉబ్బి ఉంది. రొట్టె పెనం మీద పొంగినట్టు మధ్యలో లేచింది. ఒక మూల నుంచి చిన్న ఊట వస్తున్నది. ఊటతో పాటు సన్నటి ఇసుక, ఉడుకుతున్న అన్నంలా కదులుతున్నది. మేం చూస్తుండగానే అవ్వ సమాధి వైపు గోడలో ఒక పగులు వచ్చింది. చేటంత పెళ్ల ఒకటి జారి గుంతలో పడింది.

“తమ్మీ, గిది కాదు. అవ్వ మీదికి వస్తది” అన్నాడు మా అన్న.

మేనల్లుడు నా వైపు తిరిగాడు. జక్రాన్‌పల్లిలో ఎరువుల దుకాణం నడుపుకునే మనిషి, ఊరికే నోరు జారడు. “మామా, వద్దు. గేటుకాడికి పోదం. అమ్మను నీళ్లల్ల పెడ్తమా?”

వాడు అన్నది తప్పు కాదు.

అంతలో మా చర్చి పాస్టర్ గారు వచ్చారు. గుంతను చూసి, నా భుజం మీద చేయి వేసి, “మీద జాగా ఉంది కద. ప్రభువుకు ఏ మూలైనా ఒక్కటే” అన్నారు మెల్లగా.

“ప్రభువుకు ఒక్కటే కావచ్చు పాస్టర్ గారూ. అక్కకు కాదు” అన్నాను.

మా అన్న గడ్డపార నేలకు కొట్టాడు. “మాటలకు టైం లేదు. మొరంల గుంతంటె పూటంత పడ్తది. చెప్పుడుంటె ఇప్పుడే చెప్పు. రెండు గుంతలు తవ్వుడు మన ఇంట లేదు.”

ఆ సంగతి అందరికీ తెలుసు. తవ్విన గుంతను ఖాళీగా పూడ్చకూడదంటారు మావాళ్లు. ఖాళీ గుంత ఇంకొకరిని అడుగుతుందని. నేను దాన్ని నమ్మను. కాని నమ్మేవాళ్ల మధ్య పుట్టాను, వాళ్లతోనే కలిసి తవ్వుతున్నాను. ఇది వదిలి పైకి పోవాలంటే ఇందులో ఒక రాయి పెట్టి, ప్రార్థన చేసి పూడ్చాలి. అక్క అడిగిన చోట రాయి ఉంటుంది. అక్క గేటు దగ్గర ఉంటుంది.

అప్పుడు నాకు డబ్బా గుర్తొచ్చింది. అదేదో తెలివి అని చెప్పడం లేదు. అంతసేపు గుర్తు రాకపోవడమే నాకు ఇప్పటికీ వింత. గుంతలో నిలిచిన నీళ్లకు కూడా బరువుంది. ఆ బరువే అడుగును అణచిపెట్టింది. మేం వాటిని తోడి, మూత మీద మిగిలిన బరువు కూడా తీసేశాం. తోడవలసిన నీళ్లు గుంతలోవి కావు, గుంత కిందివి.

“ఇంజను బంద్ చెయ్యండి. నీళ్లు మళ్లీ గుంతలోకి వదలండి” అన్నాను.

రైతు నన్ను ఎగాదిగా చూశాడు. “అరె సార్, నీళ్లు తియ్యమంటరనుకున్న గని, పొయ్యమంటరేంది?”

“నీళ్ల బరువు అడుగును పట్టుకుంటది. మీ బావి ఎంత లోతు?”

కంచె అవతల, ఇరవై ముప్పై బారల దూరంలో ఆయన పాత బావి ఉంది. గరుసు దాకా తవ్విన బావి. కాలువ పారేటప్పుడు ఆ ఊళ్లో ఎవరూ బావి తోడరు. కాలువ నీళ్లు మడిలోకే వస్తుంటే మోటరు వేయడం ఎందుకు? అందుకని కాలువ రోజుల్లో ఆ చుట్టుపక్కల బావులన్నీ అంచు దాకా నిండి ఉంటాయి. కింది నీళ్లకు ఒత్తిడి ఎక్కువయ్యేది సరిగ్గా అప్పుడే.

“బావి తోడితే గుంత కింద ఒత్తిడి దిగుతది. మోటరు వేస్తారా?”

ఆయన చెరుకు వైపు చూశాడు. అది కోతకు వచ్చిన తోట. కోతకు ముందు చెరుకుకు నీళ్లు ఆపుతారు, లేకపోతే తీపి తగ్గుతుంది. బావి నీళ్లు తోటలోకి వదలలేడు. ఆయన ఆలోచించింది అదే అయి ఉండాలి. “పైపులు ఒర్రె దాక ఎయ్యాలె” అన్నాడు. “థాంబా, జర ఆగుండ్రి. మనుషుల్ని తెస్త.”

ఒర్రె అంటే ఆ పొలాల వెనుక పారే చిన్న వాగు. ఆయన గుంతలోకి నీళ్లు వదిలి, ఇంకో ఇద్దరిని తీసుకొచ్చి, పైపులు జోడించి, బావి మోటరు వేశాడు. మా అన్న పొద్దు వైపు చూశాడు. “పొద్దు నెత్తి మీదికి వచ్చేదాక సూస్త. అప్పటికి గిది సక్కగ గాకుంటె రాయి పెడ్త, మీదికి పోత. నన్ను మల్ల ఆపకు.”

“ఆపను అన్నా.”

“సదువుకున్న తమ్ముడున్నడని సంబురపడ్డ ఇన్నొద్దులు. గుంతల నీళ్లు పోపిచ్చిండు” అని పక్కవాళ్లతో అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి అనలేదు.

వేచి ఉండడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. బావి దగ్గరికి పోయి చూశాను. నీళ్లు మెట్టు మెట్టుగా దిగుతున్నాయి. గుంత దగ్గరికి వచ్చి చూశాను. అక్కడ ఏమీ మారలేదు. ఈ ఆలస్యం నేను బోర్డు మీద గీసి చూపించేదే. నీటి ఒత్తిడి ఒకచోట తగ్గితే ఆ సంగతి ఇంకోచోటికి చేరడానికి కొంత వ్యవధి పడుతుంది. బోర్డు మీద అది ఒక వంపు గీత. ఆ పొద్దు మేనల్లుడు గుంత అంచున గొంతుక్కూర్చుని, రెప్ప వేయకుండా కిందికి చూస్తున్నాడు. వాడి జేబులో ఫోను మోగుతున్నది. ఇంటి నుంచి. శవపెట్టె ఎప్పుడు తీయాలని అడుగుతున్నారు.

“ఏం చెప్పాలె మామా?”

“జర ఆగమని చెప్పు.”

వాడు చెప్పాడు. మళ్లీ కూర్చున్నాడు. తర్వాత, నా వైపు చూడకుండానే, “అమ్మ నాకు కూడ చెప్పింది, నేనూ విన్న. నాకు ఇష్టం లేక గాదు” అన్నాడు.

“తెలుసు” అన్నాను.

ముందు కనిపెట్టింది వాడే. ఊట దగ్గర ఇసుక కదలడం ఆగింది. కొంతసేపటికి గుంతలోని నీళ్లు ఎవరూ తోడకుండానే ముందున్న గీత నుంచి నాలుగు వేళ్లు దిగాయి. వాడు లేచి నిలబడ్డాడు. “మామా, దిగుతున్నయి. పెద్దమామా, జర ఇటు సూడు!”

మా అన్న వచ్చి, వంగి, తడి మచ్చ చూశాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. ఆయన రాయి మాట ఎత్తలేదు.

నీళ్లు దిగినంత దిగాక, మిగిలినవి బకెట్లతో మెల్లగా తీశాం. అడుగు నిలిచింది. అప్పుడు ఆయన పార తీసుకొని గుంతలోకి దిగబోయాడు. లోతు ఇంకా ఛాతి దాకా రాలేదు.

“అన్నా, ఇక తవ్వొద్దు” అన్నాను. “ఉన్న రేగడి మూత ఉండనీ. ఇంకా తీస్తే మళ్లీ పొంగుతది.”

“నడుము మీదికి జానెడు లేదు. కుక్కకు తవ్వినట్టు తవ్వుతమా? మనిషి గాదా ఆమె?”

ఆ మాట నాకు తగిలింది. “లోతు తగ్గినంత ఎత్తు పైన పోద్దాం” అన్నాను. “బరువు ఎంతుంటే అంత మంచిది. మట్టి తక్కువైతే గట్టు నుంచి నేనే మోస్తా.”

ఆయన గుంతలో నిలబడి తన ఛాతినీ, అంచునూ చూసుకున్నాడు. తండ్రి కొలత తప్పడం ఆయనకు చిన్న సంగతి కాదు. చివరికి పార పైకి విసిరాడు. “పట్టు, పైకి గుంజు నన్ను” అని చేయి ఇచ్చాడు. నేను గుంజాను. “మోస్తనన్నవ్ గద. మొయ్యాలె మరి.”

పెట్టె వచ్చింది. పాట పాడారు. పాస్టర్ గారు ప్రార్థన చేశారు. ఆమె నిద్రపోతున్నదని ఎవరో అన్నారు. ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చదు. ఆమె చనిపోయింది. మేం ఆమెను ఆమె అడిగిన చోట, పొడిగా ఉన్న నేల మీద దించాం. నేను మూడు పిడికిళ్లు వేశాను. అప్పుడంతా, కంచె అవతల మోటరు శబ్దం ఆగలేదు. ఎవరూ దాన్ని ఆపమనలేదు.

పూడ్చిన తర్వాత గట్టు నుంచి మట్టి తెచ్చాం. నేను మోశాను. మేనల్లుడూ మోశాడు. మట్టి కుప్ప మామూలు సమాధి కంటే ఎత్తుగా లేచింది. మా అన్న దాన్ని పారతో కొట్టి చదును చేశాడు. పెట్టె పట్టినంత మేర లోపలి మట్టి మిగులుతుంది కదా. దానికి గట్టు మట్టి కూడా తోడై, పక్కన కొంత మిగిలింది.

ఆనవాయితీ ప్రకారం అన్న దాన్ని పారతో ఎత్తి, కుంగిన అవ్వ సమాధి మీద వేయబోయాడు. మేనల్లుడు ఆయన చేయి పట్టుకున్నాడు.

“జర ఆగు పెద్దమామా.”

వాడు వంగి, మిగిలిన కుప్పలోంచి ఒక పిడికిలి తీసుకున్నాడు. ఎప్పుడూ చూడని అమ్మమ్మ సమాధి మీద వేశాడు. ఇంకో పిడికిలి వేశాడు. మూడోది వేసేటప్పుడు, “అమ్మ తరఫున” అన్నాడు. గట్టిగా కాదు. దగ్గర ఉన్నవాళ్లం విన్నాం.

అందరూ పోయాక కూడా నేనూ, రైతూ ఉన్నాం. మోటరు ఆపే ముందు ఆయన నన్ను అడిగాడు.

“బంద్ జెయ్యాల్నా సార్? నీళ్లు మల్ల ఎక్కుతయి.”

“ఎక్కుతయి. ఇప్పుడు పైన బరువుంది. చెయ్యండి.”

ఆయన ఆపాడు. నేను అక్క సమాధి పక్కన కూర్చొని మట్టి మీద అరచేయి ఉంచాను. పొద్దుగూకే దాకా ఉన్నాను. ఏమీ కదలలేదు.

అక్క పేరు చెక్కిన రాయి అప్పుడే పెట్టలేదు. కొత్త మట్టిలోని నీళ్లు మెల్లగా బయటికి పోవాలి, మట్టి కుంగాలి, దాని మీద ఒక వానాకాలం గడవాలి. దీన్ని దుఃఖంతో పోల్చి రాయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. పోల్చడం నాకు ఇష్టం లేదు. మట్టి ఎంత కుంగుతుందో నేను లెక్క కట్టగలను.

వానలు తగ్గాక పోయి చూశాను. ఎత్తుగా ఉన్న కుప్ప దిగి, అవ్వ సమాధితో సమానంగా వచ్చింది. రెంటి మధ్య గోడ ఎక్కడుందో పైనుంచి తెలియడం లేదు. మేనల్లుడికి ఫోను చేసి, ఇక సమాధి రాయి చేయించొచ్చని అన్నాను.